పాట ఆయుర్దాయము

బ్రిటన్ దేశమున జనాదరణ పొందిన పాటల పట్టిక 1952లో మొదలయ్యెను. ఆనాడు రికార్డుల అమ్మకమే కొలత. కొన్నవాడు పాటను నూరుమారులు విన్నను, లెక్కకు వచ్చునది ఒక్క అమ్మకమే. కొనువారు తగ్గగనే పాట పట్టికనుండి జారిపోవుచుండెను.

ఇంటర్నెట్టు ద్వారా పాటను వినుటను స్ట్రీమింగ్ అందురు. 2014లో నూరు వినికిడులు ఒక అమ్మకముతో సమానమని నిర్ణయించి, వానిని కూడ లెక్కలో జేర్చిరి. అందుచే పాత పాటలకు పునర్జన్మ కలిగెను.

కేట్ బుష్ అను గాయని పాడిన ‘రన్నింగ్ అప్ దట్ హిల్’ 1985లో మూడవ స్థానము దాటలేదు. 2022లో ‘స్ట్రేంజర్ థింగ్స్’ అను ధారావాహికలో అది వినిపించెను. 1985 నాటికి పుట్టని యువజనులు సైతము దానిని పదే పదే వినిరి. 37 ఏండ్ల పిదప ఆ పాట ప్రథమస్థానము నందెను.

అయితే పాత పాట నిలిచిన చోట క్రొత్త గాయకులకు తావు తగ్గును. నాటి విజయములను నేటి వానితో సరిపోల్చుటయు తగదు. కుంచము మారినపుడు రాశి లెక్కయు మారును గదా!