తక్కువ కాకుండా, మించకుండా!

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు గట్టున నిలబడితే, తెలుగు కవులు ‘మల్కిభరాముడు’ అని ముద్దుగా పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్‌షా జ్ఞాపకం రాకమానడు. 1550 నుంచి 1580 దాకా గోలకొండ నేలిన ఆయన పేరే ఈ ఊరికీ, చెరువుకూ నిలిచింది. తెలుగు పంతుల్ని గనుక అక్కడ నాకు కవిత్వం తోచాలి. కాని ఆ వేళ తోచింది లెక్క!

చెరువుకు తూము ఒకటి, అలుగు ఒకటి. నీళ్లు తూముకంటె దిగిపోతే కాలవకు చుక్క అందదు. అలుగును మించితే పొర్లిపోతాయి. సరిగ్గా ఇన్ని నీళ్లే ఉండాలని ఏ రైతూ అనడు. ఇంతకు తగ్గకూడదు, అంతకు మించకూడదు, అంతే. గణితంలో దీనినే అసమీకరణం అంటారు. బడిలో మనకు బాగా అలవాటైనది ‘సమానం’. సంసారంలో వినబడేవి మాత్రం ‘కనీసం’, ‘మహా అయితే’!

మా తరగతిలో ఒక అమ్మాయి, తల్లికి జబ్బు చేసి వారాల తరబడి రాలేదు. హాజరు నూటికి 75కు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. “ఇగ నాకు పరీక్ష లేనట్టే గద సార్! ఇంటికాడ అమ్మను చూసుకుంట ఉంట” అన్నది.

“తొందరపడకమ్మా, లెక్క చూద్దాం” అన్నాను. పావులూరి మల్లన గణితాన్ని పద్యాలలోనే చెప్పాడు గదా, తెలుగు పంతులు లెక్క చెబితే తప్పేమిటి?

ఏడాదికి పనిదినాలు 180. అందులో ముప్పాతిక 135. గడిచినవి 110, ఆమె వచ్చినవి 72. తెలియనిది ఒక్కటే: ఇకమీద రావలసిన రోజులు. దాన్ని ‘క్ష’ అనుకున్నాం. 72 + క్ష, 135కు తగ్గకూడదు. రెండువైపులా 72 తీసివేస్తే, క్ష 63కు తగ్గకూడదు. మిగిలినవి 70 రోజులే గనుక 70ని మించదు. 63 నుంచి 70 వరకు ఏదైనా సరే! సమీకరణానికి ఒక్క జవాబైతే, దీనికి ఎనిమిది.

“అయితే ఇంకో ఏడు దినాలు అమ్మకాడ ఉండొచ్చా సార్?” అన్నది, ముఖం విప్పారగా.

ఎక్కువ తక్కువలకు ఇప్పుడు వాడే <, > గుర్తులు తొలిసారి అచ్చయినది 1631లో, థామస్ హేరియట్ అనే ఆంగ్లేయుడి గ్రంథంలో. అప్పటికి ఆయన పోయి పదేళ్లు. ఈ గుర్తులతో ఒక చిక్కు ఉన్నది. రెండువైపులా రుణసంఖ్యతో గుణిస్తే గుర్తు తిరగబడుతుంది. విడ్డూరమేమీ లేదు. చేతిలో 3 వేలున్నవాడికంటె 5 వేలున్నవాడు మెరుగు. అవే అప్పులైతే? 3 వేలవాడే మెరుగు!

ఆ అమ్మాయి చివరకు 65 రోజులు వచ్చింది. మిగిలిన అయిదు రోజులూ తల్లి మంచం దగ్గర గడిపింది. 72కు 65 కలిపితే 137. అలుగు పొర్లలేదు, తూము ఎండలేదు. పరీక్ష రాసింది.