ఒకే గేటు.. రెండు లెక్కలు! మిర్చి బండికి పాస్ ఎందుకు లేదు?

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఏ సాయంత్రమైనా మార్టూరు దగ్గర బొల్లాపల్లి టోల్‌గేటు వైపు చూడండి. ఒంగోలు నుంచి గుంటూరు వెళ్లే ఓ కారు.. తెల్ల నంబర్ ప్లేటు. దాని వెనకే మిర్చి టిక్కీలు వేసుకుని యార్డుకి పోతున్న పికప్ బండి.. పసుపు ప్లేటు. ఇద్దరిదీ ఒకే రోడ్డు, ఒకే గేటు. కానీ ఆ కారుకి పడే టోల్ 15 రూపాయలే కావచ్చు. పికప్‌కి మాత్రం ఫుల్ రేటు!

ఇదెలా అనుకుంటున్నారా? అసలు కథ ఇక్కడే ఉంది.

కారుకి వచ్చింది బంపర్ ఆఫర్

2025 ఆగస్టు 15న కేంద్రం ఫాస్టాగ్ వార్షిక పాస్ మొదలుపెట్టింది. అప్పుడు దాని ధర 3,000 రూపాయలు. ఏడాది గానీ, 200 ట్రిప్పులు గానీ.. ఏది ముందు పూర్తయితే అప్పటిదాకా పనిచేస్తుంది. మామూలు టోల్‌గేటు ఒకసారి దాటితే ఒక ట్రిప్పు. పోయి వస్తే రెండు. 3,000ని 200తో భాగిస్తే గేటుకి 15 రూపాయలు. రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లోనే కొనుక్కోవచ్చు.

నాకు తెలిసిన కుర్రాళ్లు చాలామంది దీన్ని తీసేసుకున్నారు. గుంటూరు నుంచి విజయవాడ వెళ్లేటప్పుడు కాజ, ఒంగోలు వెళ్లేటప్పుడు బొల్లాపల్లి, అది దాటి నెల్లూరు దారి పడితే టంగుటూరు.. ఈ గేట్లన్నీ 16వ నంబరు జాతీయ రహదారి మీదే. తరచూ తిరిగేవాళ్లకి నిజంగా లాభమే.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఈ పాస్ జాతీయ రహదారులకీ, జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేలకే. రాష్ట్ర రహదారిగా కట్టిన అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీద హైదరాబాద్ బయలుదేరితే పిడుగురాళ్ల దగ్గర తుమ్మలచెరువు గేటులో మామూలుగానే డబ్బు కట్ అవుతుంది. పాస్ ఉంది కదా అని బ్యాలెన్స్ సున్నాలో పెట్టుకుని వెళ్లకండి.

మరి పికప్ సంగతి?

పాస్ షరతుల్లో ఒక మాట ఉంది. సొంత అవసరాలకి వాడే కారు, జీపు, వ్యాన్‌లకే. బాడుగ బండికి లేదు.

సరే, పెద్ద లారీలు రోడ్డుని ఎక్కువ అరగదీస్తాయి, వాటికి ఎక్కువ వెయ్యడంలో న్యాయం ఉంది. మరి పికప్? 2008 నాటి టోల్ నిబంధనల్లో వాహనాలని బరువుని బట్టి విడగొట్టారు. బండి, సరుకు కలిపి ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు 7,500 కిలోలు దాటకపోతే అది కారు వర్గమే. మన పల్లెల్లో తిరిగే చిన్న పికప్‌లు దానికి చాలా కిందే ఉంటాయి. అంటే రేటు వెయ్యడానికి పికప్‌నీ కారునీ ఒక్కటిగా చూసిన నిబంధనలే, తగ్గింపు దగ్గరికి వచ్చేసరికి ప్లేటు రంగు చూస్తున్నాయి.

లెక్క వేద్దాం. సులువుగా ఉండటానికి గేటు టోల్ 100 రూపాయలు అనుకుందాం. ఏడాదిలో 200 సార్లు దాటితే:

పాస్ ఉన్న కారుకి, మొదలైనప్పటి ధర ప్రకారం, 3,000.

పికప్ ప్రతిసారీ 24 గంటల్లో తిరిగొస్తే రానుపోను కలిపి ఒకటిన్నర రెట్లే తీసుకుంటారు కాబట్టి 15,000.

నెలకి 50 ట్రిప్పుల పాస్ తీసుకుంటే మూడింట రెండొంతులే పడుతుంది. నాలుగు నెలల పాస్‌లకి 13,333. అదీ ప్రతి నెలా 50 ట్రిప్పులూ పూర్తిగా వాడితేనే.

ఏ తగ్గింపూ అందకపోతే 20,000.

ఇది లారీల కంపెనీ లెక్క కాదు. ఫైనాన్స్‌లో బండి కొనుక్కుని, నెలనెలా కిస్తీ కట్టుకునే ఓ కుర్రాడి లెక్క.

ఆ 24 గంటలు ఎక్కడ పోతాయి?

రానుపోను తగ్గింపు వినడానికి బాగానే ఉంటుంది. కానీ సీజన్‌లో గుంటూరు మిర్చి యార్డు చూసినవాళ్లకి తెలుసు. దేశంలోనే పేరున్న మిర్చి మార్కెట్ అది. సరుకు పోటెత్తిన రోజుల్లో గేటు బయటే బండ్ల లైను. దిగుమతి చేసేసరికి ఒక్కోసారి తెల్లారిపోతుంది. ఖాళీ బండితో తిరిగి రాకుండా పురుగుమందులో, ఎరువులో వేసుకుని వద్దామని ఆగితే ఇంకాస్త ఆలస్యం. 24 గంటలు దాటిందా, మళ్లీ ఫుల్ టోల్.

పత్తి బండ్లదీ ఇదే కథ. కొనుగోలు కేంద్రంలో తేమ చూసి, తూకం వేసి, దించుకునేదాకా బండి అక్కడే.

మా ఇంట్లో మిర్చి పంట ఉంది కాబట్టి బాడుగ బేరాలు చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. టోల్ సంగతి ఎప్పుడూ చివర్లోనే వస్తుంది. "టోల్ మీదా, మాదా?" అని. ధర బాగున్న ఏడాది రైతు పట్టించుకోడు. 35 టిక్కీల బండికి 150 టోల్ అంటే టిక్కీకి నాలుగు రూపాయల చిల్లరే కదా. కానీ 2025 ఫిబ్రవరి గుర్తుందా? ధర ఎంతగా పడిపోయిందంటే, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది రైతు ప్రతి రూపాయికీ బేరమాడతాడు. ఆ టోల్ చివరికి డ్రైవర్ జేబులోంచే పోతుంది.

ట్రాక్టర్ ఉందిగా?

నిజమే, ట్రాక్టర్‌కి టోల్ లేదు. బైకులు, ఆటోలు, ఎడ్లబండ్లకీ లేదు. కానీ సర్వీస్ రోడ్డో, వేరే దారో ఉన్నచోట ట్రాక్టర్లు, ఆటోలు, ఎడ్లబండ్లు మెయిన్ రోడ్డు ఎక్కకూడదని అదే నిబంధన చెబుతోంది. పైగా ఒంగోలు అవతల ఊళ్ల నుంచి గుంటూరుకి వంద కిలోమీటర్ల పైమాట. హైవే మీద రాత్రిపూట లోడు ట్రాక్టర్ అంటే దానికీ ప్రమాదమే, వెనకొచ్చే కారుకీ ప్రమాదమే. టోల్ తప్పించుకోవడం కోసం అలా వెళ్లమని ఎవరం చెప్పగలం?

రేటు ఎలా పెరుగుతుంది?

2008 నిబంధనల్లో 2007–08కి పెట్టిన మూల రేటు నాలుగు వరుసల రోడ్డు మీద కిలోమీటరుకి కారుకి 65 పైసలు, తేలికపాటి వాణిజ్య వాహనానికి రూ.1.05, బస్సు, లారీకి రూ.2.20. దాని మీద ఏటా 3 శాతం తప్పకుండా కలుస్తుంది. టోకు ధరల పెరుగుదలలో 40 శాతం అదనం. అంటే ధరలు పెరగకపోయినా టోల్ పెరుగుతుంది. మామూలుగా ఏప్రిల్ 1న కొత్త రేట్లు వస్తాయి. 2024లో ఎన్నికల వల్ల జూన్ 3కి వాయిదా పడ్డాయి.

మిర్చి ధరకి మాత్రం అలాంటి సూత్రం ఏదీ లేదు!

ఉన్న హక్కులైనా వాడుకుందాం

గేటు దగ్గర చాలామంది అడగని విషయాలు ఇవి. స్క్రీన్‌షాట్ తీసి మీ ఊళ్లో బండి ఉన్నవాళ్లకి పంపండి.

జిల్లా బండికి సగం: టోల్‌గేటు ఉన్న జిల్లాలోనే రిజిస్టర్ అయిన వాణిజ్య వాహనానికి, నేషనల్ పర్మిట్ లేకపోతే, షరతులకి లోబడి సగం రేటే. రేట్ల బోర్డులో దీనికి వేరే కాలమ్ ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి చిలకలూరిపేట పల్నాడులోకి, మార్టూరు బాపట్లలోకి వెళ్లాయి. కాజ గుంటూరులోనే ఉంది. 2019 నుంచి కొత్త నంబర్లన్నీ ఏపీ 39, ఆ తర్వాత ఏపీ 40 సిరీస్‌లు కాబట్టి ప్లేటు చూసి జిల్లా తెలియదు. ఆర్‌సీ తీసుకెళ్లి టోల్ ఆఫీసులో అడగండి.

ట్యాగ్ క్లాస్ చూసుకోండి: చిన్న పికప్‌కి పెద్ద వర్గం ట్యాగ్ వేసి ఉంటే ప్రతి గేటులో ఎక్కువ కట్ అవుతుంది. ఆర్‌సీతో ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుని అడిగి సరిచేయించుకోండి.

గేటుకి 20 కిలోమీటర్లలోపు ఇల్లు ఉంటే: సొంత కారుకి లోకల్ నెల పాస్ ఉంది. 2025–26లో 350 రూపాయలు.

క్యాష్ వద్దు: 2025 నవంబర్ 15న వచ్చిన నిబంధనలో, పనిచేసే ఫాస్టాగ్ లేకుండా వచ్చి క్యాష్ కడితే రెట్టింపు, యూపీఐ అయితే ఒకటింబావు రెట్లు అని పెట్టారు. వంద టోల్‌కి 200, లేదా 125.

వాళ్ల మిషన్ చెడిపోతే: మీ ట్యాగ్ సరిగ్గా ఉండి, బ్యాలెన్స్ ఉండి, గేటులో పరికరం పనిచెయ్యకపోతే డబ్బు కట్టక్కర్లేదు. సున్నా రసీదు ఇచ్చి పంపాలి. 2018 నుంచే ఈ నిబంధన ఉంది.

ఫిర్యాదుకి 1033: జాతీయ రహదారుల హెల్ప్‌లైన్.

అడిగితే మారుతుందా?

మారుతుంది. కేరళలో త్రిస్సూర్ జిల్లా పాలియెక్కర గేటు దగ్గర రోడ్డు పనులతో గంటలకొద్దీ ట్రాఫిక్ జామ్‌లు. అక్కడివాళ్లు కోర్టుకెళ్లారు. 2025 ఆగస్టు 6న హైకోర్టు నాలుగు వారాల పాటు టోల్ ఆపేసింది. ఆ ఆదేశంలో జోక్యం చేసుకోవడానికి అదే నెలలో సుప్రీంకోర్టు కూడా ఒప్పుకోలేదు. తర్వాత వసూలు మళ్లీ మొదలైందనుకోండి. కానీ డబ్బు తీసుకుంటే రోడ్డు సరిగ్గా ఉండాలన్న మాట గట్టిగా వినపడింది.

నేను టోల్ వద్దనడం లేదు. ఈ రోడ్డు రాకముందు విజయవాడ ప్రయాణం ఎలా ఉండేదో పెద్దవాళ్లని అడిగితే చెబుతారు. నేను అడిగేది చిన్నది. 7,500 కిలోలలోపు పికప్‌కి పంట సీజన్ నాలుగు నెలలకైనా కారులాంటి పాస్ ఒకటి ఇవ్వండి. వారానికోసారి సినిమాకి విజయవాడ వెళ్లే కారుకి ఇవ్వగలిగిన తగ్గింపు, మన వంటింట్లోకి కారం చేర్చే బండికి ఇవ్వలేమా?