అస్తమయాన పడవ విహారం అవసరమా?

సెలవులకు విజయవాడ వచ్చిన బంధువుల పిల్లలు మొదట కోరేది కృష్ణా నదిలో పడవ విహారమే. ప్రకాశం బ్యారేజీ నిలిపిన విశాల జలరాశి మీద, ఎగువన పడమటి దిక్కున సూర్యుడు అస్తమించే దృశ్యం నిజంగా మనోహరం. అయితే ఆ దృశ్యం కోసం చివరి పడవనే ఎక్కాలా? మొన్న మా ఇంట ఇదే చర్చ జరిగింది.

మాకు 2017 నవంబరు 12 గుర్తుకు వచ్చింది. ఆ ఆదివారం సాయంత్రం భవానీ ద్వీపం నుంచి ఇబ్రహీంపట్నం ఫెర్రీ వైపు వెళ్తున్న ప్రైవేటు పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. వారిలో అధికులు ఒంగోలు నుంచి విహారానికి వచ్చినవారు. ఆ పడవకు ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతే లేదు.

పైగా సూర్యుడు అస్తమించగానే మగ్రిబ్ వేళ మొదలవుతుంది. దాని వ్యవధి స్వల్పం. పడవ ఆలస్యమైతే నమాజు చేజారిపోతుందన్న ఆందోళన తప్పదు.

కనుక అసర్ నమాజు ముగించుకుని, వెలుతురుండగానే తిరిగివచ్చే పడవను ఎంచుకున్నాము. పిల్లలతో సహా అందరమూ లైఫ్ జాకెట్లు బిగించుకున్నాకే పడవ కదలాలని షరతు పెట్టాము. పరిమితికి మించి జనాన్ని ఎక్కిస్తే, కట్టిన డబ్బు పోయినా సరే, దిగిపోవాలని ముందే అనుకున్నాము.

పడవ విహారం తప్పక చేయదగినదే. అస్తమయాన్ని మాత్రం మేము ఘాటు మెట్ల మీద కూర్చుని చూశాము. అందం ఏమీ తగ్గలేదు. మగ్రిబ్ కూడా వేళకే చేసుకున్నాము.