పద్దెనిమిదైనా ఇరవై అయినా ఒకటే!

అమెరికా నుంచి వచ్చే చుట్టాల చేత డ్రిల్లింగ్ మిషను తెప్పించుకున్నవాళ్లకు ఒక అనుమానం వస్తుంటుంది. అక్కడ కొన్న డివాల్ట్ డ్రిల్లు మీద ‘20 వోల్ట్ మ్యాక్స్’ అని ఉంటుంది. అదే కంపెనీది, అదే తరగతిది యూరప్‌లో కొంటే ‘18 వోల్ట్’ అని ఉంటుంది. అమెరికా సరుకు రెండు వోల్టులు ఎక్కువ బలమైనదని మురిసిపోనక్కర్లేదు. రెండింట్లోనూ వరసగా కలిపినవి ఐదు లిథియం సెల్లులే. ఫుల్ ఛార్జింగులో ఉన్నప్పుడు ఒక్కో సెల్లు నాలుగు వోల్టుల పైచిలుకు చూపిస్తుంది. ఐదూ కలిస్తే ఇరవై. వాడకం మొదలయ్యాక ఎక్కువసేపు 3.6 ప్రాంతంలో ఉంటుంది. అలాంటివి ఐదైతే పద్దెనిమిది. అట్టపెట్టె మీద ఒకరు గరిష్ఠం వేసుకున్నారు, ఒకరు సగటు వేసుకున్నారు, అంతే. 10.8, 12 వోల్టుల చిన్న డ్రిల్లుల మధ్య తేడా కూడా ఇదే. వాటిలో ఉండేవి మూడు సెల్లులు.

మరి ఈ 18 ఎక్కడిది? లిథియం రాకముందు ఈ పనిముట్లలో నికెల్-కాడ్మియం సెల్లులు ఉండేవి. వాటి వోల్టేజి సెల్లుకు 1.2 మాత్రమే. పదిహేను సెల్లులు బారుగా కలిపితే 18 అయ్యేది. ఆ పదిహేను చేసే పనిని తర్వాత ఐదు లిథియం సెల్లులు అందుకున్నాయి. లెక్క ఇంత చక్కగా కుదరడం కంపెనీలకు బాగా కలిసొచ్చింది. ర్యోబి 1996లో తెచ్చిన ‘వన్ ప్లస్’ పనిముట్లకు ఇప్పటి లిథియం బ్యాటరీ తగిలించినా తిరుగుతాయి. అప్పటి సెల్‌ఫోనుకు ఇవాళ్టి బ్యాటరీ వేసి చూడండి! ఈ ఒక్క విషయంలో ఫోన్ల కంపెనీల కన్నా డ్రిల్లుల కంపెనీలే నయం.

కార్డ్‌లెస్ డ్రిల్లును నాసావాళ్లు చంద్రుడి కోసం కనిపెట్టారన్న కథ ఏళ్ల తరబడి చక్కర్లు కొడుతోంది. నిజానికి బ్లాక్ అండ్ డెక్కర్ దాన్ని 1961లోనే అమ్మకానికి పెట్టింది. అప్పటికి మనిషి చంద్రుడి మీద కాలే పెట్టలేదు. ఆ కథలో నిజం మాత్రం కొంత ఉంది. 1971లో అపోలో 15 తీసుకెళ్లిన డ్రిల్లులో మోటారు భాగం ఆ కంపెనీ చేసిందే. దాని బ్యాటరీ అంగడిలో దొరికే రకం కాదు, వెండి-జింకుది. రంధ్రం వేయడం ఒక ఎత్తు, మట్టి నిండిన గొట్టాన్ని పైకి తీయడం మరో ఎత్తు అయింది. వ్యోమగాములు డేవిడ్ స్కాట్, జేమ్స్ ఇర్విన్ ఇద్దరూ కలిసి బలమంతా పెట్టి లాగితే తప్ప అది ఊడి రాలేదు. బ్యాటరీ ఎంత గొప్పదైనా అక్కడ పనికొచ్చింది మనిషి నడుమే.

నికెల్-కాడ్మియం బ్యాటరీని 1899లో స్వీడన్‌లో వాల్డెమార్ యుంగ్నర్ తయారు చేశాడు. అదే కాలంలో అమెరికాలో ఎడిసన్ నికెల్-ఇనుము బ్యాటరీ పట్టుకుని, కార్లన్నీ దీనితోనే నడుస్తాయని నమ్మాడు. నడిచింది పెట్రోలుతో.

ఇక్కడ ఒక సంగతి పట్టుకుంటే మిగతా కథంతా తేలిగ్గా అర్థమవుతుంది. ఫోనుకు కరెంటు కొంచెం కొంచెంగా, ఎక్కువసేపు అందాలి. మామూలు వాడకంలో ఒక ఆంపియర్ కూడా పట్టదు. డ్రిల్లు తీరు వేరు. టేకు దుంగలోనో గోడలోనో బిట్టు బిగుసుకుందంటే ఆ క్షణంలో ఇరవై, ముప్ఫై ఆంపియర్లు లాగేస్తుంది. ఎంత దాచుకుందన్నది ఫోను బ్యాటరీకి పరీక్ష. ఎంత వేగంగా ఇవ్వగలదన్నది డ్రిల్లు బ్యాటరీకి పరీక్ష. నికెల్-కాడ్మియంలో దాచుకునే గుణం తక్కువ, ఒక్క ఉదుటున ఇచ్చే గుణం ఎక్కువ. అందుకే ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు 1990లలోనే దాన్ని వదిలేసినా వడ్రంగి సంచిలో చాలాకాలం నిలిచింది. హైదరాబాద్‌లోని హెచ్‌బీఎల్ సంస్థ విమానాలకు, రైళ్లకు ఈ రకం బ్యాటరీలు చేయడంలో పేరున్నది.

‘పూర్తిగా దిగిపోయాకే ఛార్జింగ్ పెట్టాలి, లేకపోతే బ్యాటరీ పాడవుతుంది’ అని ఇప్పటికీ చెప్పే పెద్దలున్నారు. వాళ్ల మాట అబద్ధం కాదు, కాలం చెల్లింది. రోజూ ఒకే మేరకు వాడి మళ్లీ నింపుతూ పోతే నికెల్-కాడ్మియం సెల్లు ఆ మేరకే పనిచేయడానికి అలవాటు పడుతుందని ఉపగ్రహాల బ్యాటరీల్లో గమనించారు. ఉపగ్రహం ప్రతి చుట్టులోనూ అంతే వాడి అంతే నింపుతుంది కదా! మన ఇళ్లలో అవి పాడైంది ఎక్కువగా వేరే కారణంతో: నిండాక కూడా ఆపకుండా కరెంటు ఎక్కిస్తూ పోయిన చవక ఛార్జర్లు. లిథియంకు ఆ పాత సలహా పాటిస్తే నష్టమే. పూర్తిగా దించేయడం, దించి నెలల తరబడి మూల పడేయడం దానికి అస్సలు పడవు.

కాడ్మియం విషం. జపాన్‌లోని తొయామా ప్రాంతంలో గనుల నుంచి నదిలోకి, నదిలోంచి వరి పొలాల్లోకి చేరి మనుషుల ఎముకల్ని గుల్ల చేసింది. యూరోపియన్ యూనియన్ 2006లో చిన్న బ్యాటరీల్లో కాడ్మియం వాడకాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. కానీ కార్డ్‌లెస్ పనిముట్లకు మినహాయింపు ఇచ్చింది! అది 2016 చివరిదాకా సాగింది. డ్రిల్లుకు కావలసిన ఊపు ఇవ్వగల ప్రత్యామ్నాయం లేదన్నది అప్పట్లో వినిపించిన వాదన. చిత్రమేమిటంటే, మిల్వాకీ కంపెనీ 2005లోనే 28 వోల్టుల లిథియం పనిముట్లు అమ్మడం మొదలుపెట్టింది. చట్టంలో మినహాయింపు రాసేనాటికే ప్రత్యామ్నాయం దుకాణంలో ఉందన్నమాట.

లిథియం కథలో ముగ్గురికి 2019లో కలిపి నోబెల్ ఇచ్చారు. స్టాన్లీ విటింగ్‌హామ్ 1970లలో పునాది వేసింది చమురు కంపెనీ ఎక్సాన్‌లో. జాన్ గుడినఫ్ బృందం 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌తో వోల్టేజిని నాలుగుకు చేర్చింది. దానికి పేటెంటు తీసుకోవడానికి ఆ విశ్వవిద్యాలయం ముందుకు రాలేదు. జపాన్‌లో అకిరా యోషినో మండిపోయే లిథియం లోహాన్ని తీసేసి, ఆ స్థానంలో కార్బన్ పెట్టాడు. తన బ్యాటరీ మీద ఇనుప దిమ్మను పడేసి పరీక్షించాడు. లోహపు లిథియం ఉన్నది భగ్గుమంది, ఇది ఊరుకుంది. నోబెల్ అందుకునేనాటికి గుడినఫ్ వయసు 97. అంత వయసులో నోబెల్ పొందినవాళ్లు మరొకరు లేరు. ఆయన తరఫున నోబెల్ ఉపన్యాసం ఇచ్చింది తమిళనాడులో పుట్టిన ఆయన సహచరుడు అరుముగం మంథిరం.

ఈ లిథియం బ్యాటరీలను 1991లో మార్కెట్లోకి తెచ్చింది సోనీ. క్యాసెట్ టేపు కోసం పల్చటి ఫిల్ము మీద సమానంగా పూత పూసే నైపుణ్యం వాళ్లకు అప్పటికే ఉంది. బ్యాటరీ రేకుల మీద పూతకూ అదే అక్కరకొచ్చింది.

కోబాల్ట్ రకం ఫోనుకు బాగా నప్పింది. పనిముట్లకు, బళ్లకు మాత్రం వేడెక్కినా తొందరగా అంటుకోనిది కావాలి. 1997లో గుడినఫ్‌తో కలిసి పాఢి, నంజుండస్వామి ప్రచురించిన పరిశోధనతో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ వెలుగులోకి వచ్చింది. ఇనుము, ఫాస్ఫేటు కోబాల్ట్ అంత అరుదైనవి కావు. మొదట్లో దానిలో కరెంటు సరిగా పారేది కాదు. రేణువుల్ని బాగా చిన్నవి చేసి, కార్బన్ పూత పూశాక దారికొచ్చింది. దాన్ని జనం చేతిలో పెట్టిన తొలి వస్తువుల్లో డివాల్ట్ 36 వోల్టుల పనిముట్లు ఉన్నాయి. లిథియం రకాల్లో ఇప్పుడు ఈ-ఆటోల్లో, ఇన్వర్టర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. సీసం బ్యాటరీలతో పేరు తెచ్చుకున్న తిరుపతి అమరరాజా కూడా మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో లిథియం ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన చేసింది.

డ్రిల్లు బ్యాటరీ డబ్బా మూత విప్పితే లోపల పెద్ద వింతేమీ ఉండదు. 18 వోల్టుల, 5 ఆంపియర్-గంటల డబ్బాలో చాలావాటికి పది సెల్లులుంటాయి. వాటిని 18650 అంటారు: 18 మిల్లీమీటర్ల అడ్డుకొలత, 65 మిల్లీమీటర్ల పొడవు. రెండేసి జతగా ఐదు జతలు. వాటిని కలుపుతూ నికెల్ పట్టీలు, వాటి మీద చుక్కలు చుక్కలుగా వెల్డింగు గుర్తులు. టంకం పెడితే ఆ వేడికి సెల్లు దెబ్బతింటుంది కాబట్టి ఆ చుక్కల వెల్డింగు. ఒక మూల చిన్న సర్క్యూట్ బోర్డు, సెల్లును ఆనుకుని వేడిని కనిపెట్టే చిన్న పరికరం. పదిలో ఒక్క సెల్లు చచ్చినా బోర్డు డబ్బా మొత్తాన్ని ఆపేస్తుంది. మిగతావి బాగానే ఉంటాయి. ‘సెల్లు మార్చి ఇస్తాం’ అనే దుకాణాల బతుకుతెరువు అక్కడే ఉంది. పాతవాటి మధ్య ఒక్క కొత్తది ఇరికిస్తే మాత్రం ఆ రిపేరు ఎక్కువ కాలం నిలవదు.

ఒక్కో సెల్లును చీలిస్తే రెండడుగులకు అటూ ఇటూగా పొడవుండే రేకు, చాప చుట్టినట్టు చుట్టి ఉంటుంది. (దయచేసి ఎవరూ చీల్చొద్దు!) ఈ చుట్టే పద్ధతి కొత్తదేం కాదు. 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే మొట్టమొదటి ఛార్జింగ్ బ్యాటరీ చేసినప్పుడు రెండు సీసపు రేకుల్ని ఇలాగే చుట్టి ఆమ్లంలో ముంచాడు.

టెస్లా తొలి కారు రోడ్‌స్టర్‌లో ఈ 18650లు 6,831 ఉండేవి. అంగారకుడి మీద ఎగిరిన ఇంజెన్యూటీ హెలికాప్టర్‌లో ఆరే ఆరు. అవి సోనీ తయారీ, డ్రిల్లుల్లాంటి వాటికి సరిపడే ఎక్కువ కరెంటు ఇచ్చే రకం. రెక్కలు ఒక్కసారిగా తిప్పాలి కదా, అక్కడా కావలసింది ఆ ఉదుటే. ఐదుసార్లు ఎగిరితే చాలనుకుని పంపిన ఆ బుల్లి యంత్రం 2021 నుంచి 2024 దాకా 72 సార్లు ఎగిరింది.

కొన్ని చిల్లర లెక్కలు. పవర్ బ్యాంకు మీద 10,000 ఎంఏహెచ్ అని ఉన్నది లోపలి సెల్లు లెక్క, అంటే 3.7 వోల్టుల దగ్గర. బయటికి వచ్చేది 5 వోల్టులు. అలా చూస్తే 7,400కు మించదు, మధ్యలో వేడిగా పోయేది పోగా ఇంకా తక్కువ. విమానంలో మామూలుగా అనుమతించే హద్దు 100 వాట్-గంటలు, సుమారు 27,000 ఎంఏహెచ్. అదీ చేతి సంచిలోనే, లగేజీలో వేయకూడదు. 5,000 ఎంఏహెచ్ ఫోనును నెలంతా రోజూ పూర్తిగా ఛార్జింగ్ చేసినా ఒక్క యూనిట్ కరెంటు కాలదు. ఇక లీటరు పెట్రోలులో ఉన్నంత శక్తి కావాలంటే పైన చెప్పిన డ్రిల్లు డబ్బాలు వంద కావాలి. ఎడిసన్ పందెం ఎందుకు ఓడిపోయాడో ఈ లెక్కే చెబుతుంది.

నోకియా 1100లో ఉండే బీఎల్-5సీ బ్యాటరీ గుర్తుందా? 2007లో ఒక తయారీదారు చేసిన 4.6 కోట్ల బ్యాటరీలు వేడెక్కే ప్రమాదముందని కంపెనీ ప్రకటించింది. ఎవరిని చూసినా ఫోను వెనక మూత తీసి నంబరు చూసుకోవడమే. ఆ ఫోను కనుమరుగైనా దాని బ్యాటరీ పోలేదు. చిన్న ఎఫ్ఎం రేడియోల్లో, పాటల స్పీకర్లలో ఇప్పటికీ అదే కొలత బ్యాటరీ వేస్తున్నారు.

ఉబ్బిన బ్యాటరీలో ఉన్నది లోపలి రసాయనం విరిగి పుట్టిన వాయువు. గుచ్చి గాలి తీయడం ప్రాణాంతకం. ఫుల్ ఛార్జింగు, ఎండ రెండూ కలిసినప్పుడు లిథియం వేగంగా ముసలిదవుతుంది. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టిన ఫోనుకు ఆ రెండూ దొరుకుతాయి.

పత్తి, మిర్చి చేలల్లో వీపున మోసే బ్యాటరీ స్ప్రేయర్లు చూడండి. చాలావాటి అడుగున ఉన్నది 12 వోల్టుల, 8 ఆంపియర్-గంటల సీసం బ్యాటరీ. బరువైనా సరే, చవక, ఏ ఊరి దుకాణంలోనైనా దొరుకుతుంది. ఈమధ్య దాన్ని పీకి అదే గూట్లో తేలికైన లిథియం డబ్బా పెట్టించుకుంటున్నారు. వీపు మీద భారం తగ్గుతుంది, మంచిదే. ఛార్జర్ కూడా మార్చారో లేదో అడగండి. సీసం ఛార్జర్ నింపే తీరు, ఆపే వోల్టేజి వేరు, లిథియంవి వేరు. కొత్త డబ్బాకు పాత ఛార్జరే తగిలిస్తే లోపలి సర్క్యూట్ బోర్డు ఒక్కటే అడ్డు. చవక డబ్బాల్లో కొన్నిసార్లు అదీ ఉండదు.