అరకు కాఫీతోటలలో క్రొత్త పురుగు

మధురవాడ చుట్టుపట్ల కాఫీ పండదు గదా, కాఫీపురుగు సంగతి మనకేల యని సభ్యులలో కొందఱనుకొనవచ్చును. కాని మన్యపు రైతులు పండించు కాఫీని కొనుచున్న గిరిజన సహకార సంస్థ 1956వ సంవత్సరమున స్థాపింపబడి, విశాఖపట్టణము ముఖ్యస్థానముగా పనిచేయుచున్నది. అచటి పంటకు వచ్చిన కీడు సహకారులమగు మనకందఱకును సంబంధించినదే.

2025వ సంవత్సరమున అరకులోయ కాఫీతోటలలో నొక చిన్న పెంకుపురుగు మొదటిసారిగా కనబడినది. పురుగు సోకిన కాయలను కోయించి, మరగునీట ముంచి, గోతులలో పూడ్పించిరి. ఇంత జాగ్రత్త యేల వలసెనో తెలిసికొందము.

ఈ పురుగునకు శాస్త్రజ్ఞులిడిన పేరు హైపోథెనిమస్ హాంపై. దీని జన్మస్థానము ఆఫ్రికా ఖండపు అడవులు. అయినను 1867వ సంవత్సరమున ఫెరారి యను శాస్త్రజ్ఞుడు దీనిని మొదట వర్ణించినది అడవిలో జూచి కాదు. వర్తకమునకై వచ్చిన కాఫీగింజలలో దొరకినదానిని జూచియే. గింజలవెంట నిది దేశములు తిరుగుననుటకు వేఱు నిదర్శన మక్కఱలేదు. మన దేశమున 1990లో నీలగిరులలోని గూడలూరు ప్రాంతమున బయలుపడినది.

పురుగు నల్లనిది, ఆవగింజకంటె పెద్దది కాదు. ఆడుపురుగు కాయకొన నున్న బొడ్డువద్ద సన్నని రంధ్రము చేసి, లోనికి బోయి, గింజలో గ్రుడ్లు పెట్టును. పిల్లలు గింజనే తిని పెరుగును. మగపురుగులు మిక్కిలి తక్కువ, అవి యెగురలేవు, పుట్టిన కాయలోనే జతకట్టి అచటనే చచ్చును. ఆడుపురుగులు వెలికి వచ్చునప్పటికే గ్రుడ్లు పెట్టుటకు సిద్ధమై యుండును. కావున తోటకు తోట చెడుటకు ఒక్క పురుగు చాలును. గింజలో దాగియుండుటచే పైన చల్లిన మందు దానికి తగులుట కష్టము.

మఱి యుపాయమేమి? పండిన కాయలను సకాలమున కోయవలెను. కోతవేళ చెట్లక్రింద పట్టలు పఱచి, రాలినవానినెల్ల ఏఱవలెను. కోత ముగిసిన పిదప చెట్టునగాని నేలనగాని ఒక్క కాయయు మిగులరాదు. తరువాతి పంటవఱకు పురుగు తలదాచుకొనునది వానిలోనే. సోకిన కాయలను 2, 3 నిమిషములు మరగునీట ముంచవలెను. గింజలను బాగుగ నెండబెట్టిన పిమ్మటనే నిలువచేయవలెను. పురుగున్న తావులనుండి వాడిన గోనెసంచులను తేరాదు.

వీనిలో నేదియు అసాధ్యము కాదు. కాని యొక్కడు చేసిన ఫలము లేదు. తొమ్మండుగురు తోటలు శుభ్రపఱచి పదవవాడు ఉపేక్షించినచో, ఆ యొక్క తోటలోని పురుగులే తొమ్మిది తోటలకును ఎగిరివచ్చును. పొరుగువాని తోట బాగుగనున్నగాని మన తోట బాగుండదను సహకార ధర్మమును ఈ యల్పజీవి మనకు మఱల బోధించుచున్నది. కొండమీద బంధుమిత్రులు గల సభ్యులు దీనిని వారికి చదివి వినిపింప గోరుచున్నాము.