దస్త్రాల నడుమ చరిత్రకారుడు

కోల్‌కతాకు దిగువన, హుగ్లీ నది ఒడ్డున బడ్జ్ బడ్జ్ అనే రేవు పట్టణం ఉంది. కెనడా తిప్పి పంపిన కోమగటా మారు నౌక ప్రయాణికులపై 1914 సెప్టెంబరు 29న అక్కడే కాల్పులు జరిగాయి. సుమారు 20 మంది ప్రయాణికులు మరణించారు. బ్రిటిష్ ప్రభుత్వ విచారణ సంఘం నేరాన్ని ప్రయాణికుల మీదికే నెట్టింది. స్వాతంత్ర్యానంతరం, 1952లో, ఆ మృతుల స్మారక చిహ్నాన్ని అక్కడ నెహ్రూయే ఆవిష్కరించారు. పాలకుల దస్త్రం వేరు, చరిత్ర వేరు అనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

అయితే ఆ పాలకులు మిగిల్చి పోయిన దస్త్రాలతోనే స్వతంత్ర భారతం తన సరిహద్దును నిరూపించుకోవలసి వచ్చింది. ఆ భారం చాలవరకు ఒక తెలుగు కుటుంబపు చరిత్రకారునిపై పడింది. ఆయన సర్వేపల్లి గోపాల్. రాధాకృష్ణన్ కుమారుడైన ఆయన 1923లో మద్రాసులో జన్మించారు. ఆక్స్‌ఫర్డ్‌లో రిప్పన్ పాలనపై పరిశోధన చేశారు. 1954లో విదేశాంగ శాఖ చారిత్రక విభాగానికి డైరెక్టరయ్యారు.

1959 చివర ప్రభుత్వం ఆయనను లండన్ పంపింది. అక్కడి ఇండియా ఆఫీసు రికార్డులను పరిశీలించి వచ్చి, అక్సాయ్ చిన్‌పై చైనా కంటె మన హక్కే బలమైనదని ఆయన నెహ్రూకు నివేదించారు. 1960లో పీకింగ్, ఢిల్లీ, రంగూన్ నగరాలలో చైనా అధికారులతో జరిగిన చర్చలలో, జగత్ మెహతా నాయకత్వాన వెళ్లిన మన బృందంలో ఆయన సభ్యులు. ఆ చర్చల నివేదిక 1961లో వెలువడింది. మరుసటి ఏడు యుద్ధం వచ్చింది.

గోపాల్ ఇచ్చిన ధీమాయే రాజీకి తలుపు మూసిందని విమర్శకులు అన్నారు. ఇది సగం న్యాయం మాత్రమే. హక్కు ఎవరిదో దస్త్రం చెప్పగలదు. ఆ హక్కును ఎంతవరకు పట్టుబట్టాలో, ఎక్కడ సర్దుకోవాలో నిర్ణయించవలసింది రాజకీయ నాయకత్వమే.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. వకీలుగా వాదించినవారే తరువాత తీర్పు వ్రాయవచ్చునా? 1975-84 మధ్య గోపాల్ మూడు సంపుటాలలో నెహ్రూ జీవితచరిత్ర వెలువరించారు. మొదటి సంపుటానికి 1976లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. చివరి సంపుటంలో ఆయన 1962 వైఫల్యాలను కప్పిపుచ్చలేదు. కాని ఆయన చూడగలిగిన నెహ్రూ పత్రాలు ఇతర పరిశోధకులకు అంత సులభంగా అందలేదు. తీర్పు ఎంత నిజాయితీతో వ్రాసినా, సాక్ష్యం అందరి ముందు ఉంటేనే దానికి నిండుదనం.

గోపాల్ 2002లో చెన్నైలో కన్నుమూశారు. నాటి యుద్ధంపై హెండర్సన్ బ్రూక్స్ నివేదికను మాత్రం ప్రభుత్వం ప్రచురించలేదు. అది అత్యంత సున్నితమైనదని 2010లో రక్షణమంత్రి ఆంటోనీ పార్లమెంటుకు తెలిపారు. 2014లో అందులో ఒక భాగాన్ని విదేశీ పాత్రికేయుడు నెవిల్ మాక్స్‌వెల్ బయటపెడితే మన పౌరులు చదువుకున్నారు. పరాయి పాలకుల దస్త్రాన్ని శంకించడం బడ్జ్ బడ్జ్ మనకు నేర్పింది. మన పాలకుల దస్త్రాన్ని తెరచి చూసే హక్కును మనమే సాధించుకోవాలి.