విశాఖ కొండల తోబుట్టువు

పిల్లలూ, విశాఖపట్నంలో కైలాసగిరి ఎక్కినవాళ్ళు మీలో కొందరైనా ఉంటారు. ఆ కొండ రాయిని ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ఎర్రమట్టి రంగులో ఉంటుంది. అందులో అక్కడక్కడా దానిమ్మగింజల వంటి ఎర్రని పలుకులు కనిపిస్తాయి. ఈ రాయి పేరు ఖోండలైటు. తూర్పు కనుమలలో నివసించే ఖోండు గిరిజనుల పేరే దీనికి పెట్టారు. ఒడిశాలోని కోణార్క దేవాలయం చాలా వరకు ఈ జాతి రాతితో కట్టిందే.

ఈ కొండలకు ఒక తోబుట్టువు ఉన్నది. అది ఇక్కడికి సుమారు 9,500 కిలోమీటర్ల దూరాన, అంటార్కిటికా ఖండంలో, మంచు మధ్య ఉన్నది! ఆస్ట్రేలియావారు 1954లో నెలకొల్పిన మాసన్ పరిశోధన కేంద్రం ఆ రాతి మీదనే నిలిచి ఉన్నది.

"అదెలా తెలిసిందండీ?" అని మీరు అడుగుతారు. అడగవలసిందే. ఖండాలు ఒకప్పుడు కలిసి ఉండి తరవాత విడిపోయాయని 1912లో వెగెనర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు చెప్పినప్పుడు పెద్ద పెద్ద పండితులే నమ్మలేదు. పటంలో అంచులు కలిసినంత మాత్రాన ఒకే ముక్క అనడానికి వీలులేదు గదా! చిరిగిన ఉత్తరం ముక్కలు రెండు దొరికితే ముందు అంచులు చూస్తాము. కాని ఈ ముక్కలో సగం ఉన్న అక్షరం ఆ ముక్కలో పూర్తి అయితేనే నమ్ముతాము. మరి రాళ్ళలో ఆ అక్షరం ఏది?

జిర్కాన్ అనే ఖనిజం. దాని పలుకు సాధారణంగా సన్న ఇసుక రేణువంత ఉంటుంది. మహా మొండిది. కొండ అరిగి మట్టి అయినా, నదిలో కొట్టుకుపోయినా అది అలాగే మిగులుతుంది. ఈ పలుకు ఏర్పడేటప్పుడు కొద్దిగా యురేనియాన్ని తనలోకి రానిస్తుంది, సీసాన్ని మాత్రం దాదాపు రానివ్వదు. ఇక లోపలికి వచ్చిన యురేనియం ఊరుకోదు. దానంతట అదే మెల్లమెల్లగా సీసంగా మారుతూ ఉంటుంది. మొదట 100 యురేనియం పరమాణువులు ఉన్నాయనుకోండి. 100 కోట్ల సంవత్సరాలు గడిచినా వాటిలో ఇంచుమించు 14 మాత్రమే సీసం అవుతాయి. సగం మారాలంటే 447 కోట్ల సంవత్సరాలు కావాలి! కనుక మిగిలిన యురేనియాన్నీ, పుట్టిన సీసాన్నీ లెక్కపెడితే పలుకు వయసు తేలుతుంది.

మధ్యలో కొంత సీసం కారిపోయి ఉంటేనో? దానికీ ఉపాయం ఉన్నది. యురేనియంలో రెండు రకాలు ఉన్నాయి. రెండవది త్వరగా మారుతుంది, 70 కోట్ల సంవత్సరాలకే సగం అయిపోతుంది. అంటే ఒకే పలుకులో రెండు గడియారాలు. రెండూ ఒకే వయసు చెప్పితే నమ్మవచ్చును. చెరొక మాట చెప్పితే ఏదో జరిగిందన్నమాట.

పని మాత్రం ఓపికతో కూడుకున్నది. రాతిని పొడి చేసి, నీటిలో జాలించి, బరువైన పలుకులు వేరు చేస్తారు. సూక్ష్మదర్శిని కింద జిర్కాన్‌లను ఒక్కొక్కటిగా ఏరుతారు. వాటిని జిగురులో పొదిగి, సగానికి అరగదీస్తారు. అప్పుడు ఎలక్ట్రాన్ కిరణాలు పడితే ఉల్లిపాయను కోసినట్టు లోపల పొరలు కనిపిస్తాయి. వెంట్రుక మందం కూడా లేని చోట ఒక గుంట తవ్వి పరమాణువులను లెక్కించే యంత్రం 1980 ప్రాంతంలో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో తయారయింది. దాని పేరు ష్రింప్, అంటే రొయ్య! గది నిండా పట్టే యంత్రానికి ఆ పేరు పెట్టారంటే ఆ శాస్త్రజ్ఞులు సరసులే.

పొరలను వేరువేరుగా లెక్కించడంలోనే ఉన్నది అసలు కిటుకు. ఖోండలైటు మొదట రాయి కాదు, నీటి అడుగున పేరుకున్న మట్టి, ఇసుక. అంతకు ముందటి కొండలు అరిగి, ఆ జిర్కాన్‌లు కొట్టుకువచ్చాయి. కనుక పలుకు నడిబొడ్డు ఆ పాత కొండల వయసు చెబుతుంది. తరవాత ఆ మట్టి భూమిలో ఎంతో లోతుకు దిగి, కొన్ని చోట్ల 900 డిగ్రీలకు పైబడిన వేడిలో ఉడికింది. అప్పుడు పలుకు చుట్టూ కొత్త పొర పెరిగింది. విశాఖ, అరకు ప్రాంతాలలో ఈ పై పొరల వయసు 90, 100 కోట్ల ఏళ్ళ నడుమ వస్తున్నది. మాసన్ దగ్గరి రాయి వయసు కూడా 100 కోట్లకు కొంచెం ఇటుగానే ఉన్నది.

వయసు ఒక్కటే కలిస్తే చాలదు. చెన్నైలోనూ, మాస్కోలోనూ ఒకే రోజున పుట్టిన పిల్లలు కవలలు కారు గదా! కాని ఇక్కడ రాతి జాతులూ కలిశాయి, అంతటి వేడిని సూచించే ఖనిజాలూ కలిశాయి. మాసన్ రాయి చార్నొకైటు. మన తూర్పు కనుమలలోనూ అది కావలసినంత ఉన్నది. కలకత్తాలో జాబ్ చార్నాక్ అనే ఆంగ్లేయుని సమాధి మీద ఉన్న రాతిని పరీక్షించి, హాలండ్ అనే శాస్త్రజ్ఞుడు దానికి ఆ పేరు పెట్టాడు.

జరిగింది ఇదీ. హైదరాబాదు చుట్టూ కనిపించే గ్రానైటు బండలు సుమారు 250 కోట్ల ఏళ్ళవి. అటువంటి పాత భూఖండం ఒకటి ఇటు, అంటార్కిటికా భూఖండం అటు. రెండూ ఢీకొని, నడుమ పెద్ద పర్వతాలు లేచాయి. అవి అరిగిపోగా మిగిలిన వేళ్ళే ఈ కొండలు. సుమారు 13 కోట్ల ఏళ్ళ క్రితం ఇండియా, అంటార్కిటికా విడిపోయినప్పుడు చీలిక సరిగ్గా పాత అతుకు వెంబడే పోలేదు. అందుచేత అతుకు కొంత మనకూ, కొంత వారికీ మిగిలింది.

తూర్పు కనుమలన్నీ ఒకే కుటుంబం అనుకునేరు! గోదావరి లోయకు దక్షిణాన ఒంగోలు ప్రాంతపు పలుకులు 160 కోట్ల ఏళ్ళ నాడే ఉడికామని చెబుతున్నాయి. పటంలో ఒకే వరసగా కనిపించే కొండలకు 60 కోట్ల ఏళ్ళ తేడా!

విశాఖ కొండలు ఇప్పటికీ అరుగుతూనే ఉన్నాయి. అరకు వైపు నుంచి వచ్చే గోస్తనీ నది భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తున్నది. అక్కడి ఇసుకలో నల్లని, ఎర్రని చారలు కనిపిస్తాయి. ఎర్రనివి ఖోండలైటులోని దానిమ్మగింజలే. జిర్కాన్‌లు కూడా వాటి మధ్యనే ఉన్నాయి.